అరవై నిండాయని ఎవరు చెప్పాలి? యుద్ధం మధ్యలో వచ్చిన క్యూబా బానిస విమోచన చట్టం కథ

మన ఇళ్లల్లో పాతతరం వాళ్ల పుట్టినరోజులు చూడండి, చాలామందివి జూన్‌లోనో జూలై 1నో ఉంటాయి. బడిలో వేసిన రోజు మాస్టారు ఏది రాస్తే అదే తేదీ. "వరదలొచ్చిన ఏడు పుట్టాడు" అని నాయనమ్మ చెబితే ఆయన వేళ్ల మీద లెక్కేసి ఓ సంవత్సరం వేసేసేవారు. దానివల్ల మహా అయితే రిటైర్మెంటు రెండేళ్లు అటూఇటూ అవుతుంది. 1870లో క్యూబా చెరకు తోటలో బానిసగా ఉన్న మనిషికి మాత్రం ఆ అంకె మీదే మిగిలిన బతుకంతా ఆధారపడింది. 60 అని ఉంటే విడుదల, 54 అని ఉంటే ఇంకో ఆరు క్రషింగ్ సీజన్లు. ఆ అంకె రాయించేది ఎవరయ్యా అంటే యజమానే.

ఆ ఏడాది స్పెయిన్ తన వలస రాజ్యమైన క్యూబా కోసం ఒక చట్టం చేసింది. బానిసత్వాన్ని ఒక్క దెబ్బతో తీసేయకుండా అంచెలంచెలుగా తగ్గించాలన్నది దాని ఆలోచన. అప్పుడు క్యూబాలో యుద్ధం నడుస్తోంది. యజమానులకి ఆ చట్టం అంటే ఒళ్లు మంట, కానీ యుద్ధం చేయడానికి ప్రభుత్వానికి ఆ యజమానులే కావాలి. ఈ మూడూ కలిస్తే చట్టం ఏమవుతుంది? "అమలు కాలేదు" అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు గానీ, అలా తేల్చేస్తే అసలు విషయం పోతుంది. కొన్నిచోట్ల అమలైంది, కొందరికి అమలైంది, పైగా చట్టం రాసినవాళ్లు ఊహించని దారుల్లో అమలైంది.

ముందు యుద్ధం సంగతి. 1868 అక్టోబర్ 10న క్యూబా తూర్పు భాగంలో, మన్సానియో పట్టణం దగ్గర లా దెమహాగువా అనే చక్కెర తోట యజమాని కార్లోస్ మాన్యుయెల్ దె సెస్పెదెస్ స్పెయిన్ మీద తిరుగుబాటు ప్రకటించాడు. తన బానిసలకి స్వేచ్ఛ ఇచ్చి, నాతో కలిసి పోరాడండి అన్నాడు. అది పదేళ్లు సాగింది. అప్పటికి దీవిలో సుమారు 3,63,000 మంది బానిసలు. వాళ్లలో ఎక్కువమంది ఉన్నది పడమటి వైపు, మతాన్సాస్, కోలోన్ చుట్టూ ఉన్న పెద్ద పెద్ద చక్కెర ఎస్టేట్లలో. తూర్పున తోటలు చిన్నవి, ఆసాములు అంత సంపన్నులు కారు, స్పెయిన్ పన్నుల మీద కోపం ఎక్కువ. అందుకే మంట అక్కడ రాజుకుంది, పడమటి ధనికులు స్పెయిన్ కొంగు పట్టుకుని ఉండిపోయారు.

తిరుగుబాటుదార్లు మొదటి రోజునుంచీ బానిసత్వానికి పూర్తి వ్యతిరేకులని చాలామంది అనుకుంటారు. అంత సూటిగా లేదు. సెస్పెదెస్ 1868 డిసెంబర్ 27న ఇచ్చిన ఆదేశంలో శత్రువుల బానిసలకి స్వేచ్ఛ అన్నాడు, మనవైపు ఉన్న యజమానులు తమ బానిసల్ని అప్పజెబితే పరిహారం అన్నాడు, మొత్తం రద్దు మాత్రం గెలిచాక చూద్దామన్నాడు. పడమటి ఆసాముల్ని బెదరగొట్టకూడదు కదా, వాళ్ల డబ్బు కావాలి. 1869 ఏప్రిల్‌లో గువాయిమరోలో తిరుగుబాటుదార్లు సభ పెట్టుకుని, తమ రాజ్యాంగంలో "గణతంత్రంలో ఉన్నవాళ్లంతా పూర్తిగా స్వేచ్ఛాపరులు" అని రాసుకున్నారు, జూలై వచ్చేసరికి విడుదలైనవాళ్లు పాత యజమాని దగ్గరో ఇంకొకరి దగ్గరో పనిచేసి తీరాలని నియమావళి తెచ్చారు. దాన్ని తీసేసింది 1870 డిసెంబర్‌లో. అంటే అంచెలంచెల స్వేచ్ఛ అనే జబ్బు రెండువైపులా ఉంది. తేడా ఏంటంటే తిరుగుబాటు సైన్యంలో చేతికి కత్తి వచ్చిన మనిషిని మళ్లీ చెరకు పొలానికి పంపడం తేలిక కాదు.

ఇప్పుడు మాడ్రిడ్. 1868 సెప్టెంబర్‌లో స్పెయిన్‌లో కూడా విప్లవం వచ్చి రాణి ఇసాబెల్ పారిపోయింది, ఉదారవాదులు అధికారంలోకి వచ్చారు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి అక్కడ బానిసత్వం పోయింది, వాషింగ్టన్ నుంచి విదేశాంగ మంత్రి హామిల్టన్ ఫిష్ ఒత్తిడి పెడుతున్నాడు. అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లేమో "మేం విడిపిస్తున్నాం, స్పెయిన్ కట్టేస్తోంది" అని ప్రపంచానికి చెప్పుకుంటున్నారు. ఏదో ఒకటి చేయక తప్పని పరిస్థితి. వలస వ్యవహారాల మంత్రి సెహిస్ముందో మోరెత్ ఒక బిల్లు తెచ్చాడు, 1870 జూలై 4న అది చట్టమైంది. ఆయన పేరు మీదే మోరెత్ చట్టం అంటారు.

అందులో ఏముంది? ఇకమీదట బానిస తల్లికి పుట్టే బిడ్డలు స్వేచ్ఛాపరులు. 1868 సెప్టెంబర్ 17 నుంచి చట్టం వచ్చేదాకా పుట్టిన బిడ్డల్ని ప్రభుత్వం తలకి 125 పెసెతాలు యజమానికి కట్టి విడిపిస్తుంది. 60 నిండినవాళ్లు, ముందుముందు నిండేవాళ్లు, పరిహారం లేకుండా విడుదల. స్పెయిన్ జెండా కింద యుద్ధంలో పనిచేసిన, సైన్యానికి ఏ రకంగానైనా సాయపడిన బానిసలు విడుదల. ప్రభుత్వ ఆస్తిగా ఉన్నవాళ్లూ విడుదలే. కొరడా దెబ్బలు బంద్. ఇక అన్నిటికన్నా పదునైన ఏర్పాటు ఒకటుంది: 1870 డిసెంబర్ 31 కల్లా పూర్తి కావాల్సిన జనాభా లెక్కలో బానిసగా పేరు నమోదు కానివాళ్లని స్వేచ్ఛాపరులుగానే చూస్తారు.

మొదట్లో చెప్పినవాటిని ఓసారి మళ్లీ చూడండి. పసిపిల్లలు, ముసలివాళ్లు. చెరకు నరకగలిగిన, బాయిలర్ దగ్గర నిలబడగలిగిన వయసువాళ్లు ఒక్కరూ లేరు. పార్లమెంటులో ఎమీలియో కాస్తెలార్ ఈ చట్టాన్ని ఉతికి ఆరేసి, వెంటనే మొత్తం రద్దు చేయాలన్నాడు. ఓట్లు మోరెత్‌కి పడ్డాయి.

పుట్టిన బిడ్డ స్వేచ్ఛాపరుడన్నారు కదా, ఆ స్వేచ్ఛ ఎలాంటిదంటే, తల్లి యజమాని ఆ బిడ్డకి "పోషకుడు" అవుతాడు. తిండి, బట్ట, వైద్యం చూడాలి, బదులుగా 18 ఏళ్లు వచ్చేదాకా జీతం లేకుండా పని చేయించుకోవచ్చు. 18 నుంచి సగం కూలి, అందులోనూ సగం దాచిపెట్టాలి. 22కి పూర్తి హక్కులు. ఈ పోషక హక్కుని ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ చేయొచ్చని కూడా చట్టంలో ఉంది. మనిషిని అమ్మకూడదు, మనిషి మీద పోషకత్వం చేతులు మారొచ్చు! అప్పటికే స్వేచ్ఛ ఉన్న తల్లిదండ్రులు తమ బిడ్డని తెచ్చుకోవాలంటే, యజమాని ఆ బిడ్డ మీద పెట్టిన ఖర్చు కట్టి తెచ్చుకోవాలి. ఖర్చు లెక్క ఎవరి పుస్తకంలో ఉంటుందో చెప్పక్కర్లేదు. మన దగ్గర పాలేరు జీతం లెక్కలు దొర ఖాతా పుస్తకంలో ఎలా పెరిగేవో విన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు.

ఇంత మెత్తటి చట్టాన్ని కూడా యజమానులు ఎందుకు అడ్డుకున్నారు అని మీకు అనుమానం రావచ్చు. మెత్తదే, కానీ ఒక అధికారి తోటలోకి వచ్చి "ఈయన వయసెంత, ఈ బిడ్డ ఎప్పుడు పుట్టింది" అని అడిగే హక్కు మొదటిసారి ఏర్పడుతోంది. యజమానికీ బానిసకీ మధ్య మూడో మనిషి దూరడం వాళ్లు భరించలేకపోయారు.

అడ్డుకోవడంలో మొదటి మెట్టు ఆలస్యం. జూలైలో మాడ్రిడ్‌లో చట్టమైతే క్యూబా గవర్నర్, కాప్టెన్ జనరల్ కబయేరో దె రోదాస్ దాన్ని వెంటనే ప్రచురించకుండా నాన్చాడు, కొన్ని నెలల తర్వాత గాని అక్కడ ప్రకటించలేదు. అమలు నియమావళి రావడానికి 1872 దాకా పట్టింది. చట్టం ఉండీ రూల్స్ లేని ఆ రెండేళ్లూ ఎవరికి నచ్చినట్టు వాళ్లు అర్థం చెప్పుకున్నారు.

గవర్నర్ చేతగానివాడా, అమ్ముడుపోయాడా అంటే, అసలు ఆయన కుర్చీ ఎవరి భుజాల మీద ఉందో చూడాలి. హవానాలో వాలంటీర్లు అనే దళం ఉండేది. మన గ్రామ వాలంటీర్లను గుర్తు తెచ్చుకోకండి, వీళ్లు తుపాకులు పట్టిన స్పెయిన్ అనుకూల మిలీషియా, వెనక పెద్ద వ్యాపారులూ తోటల యజమానులూ. 1869 జూన్‌లో కాప్టెన్ జనరల్ దొమింగో దుల్సె తిరుగుబాటుదార్ల మీద మెతకగా ఉన్నాడని చెప్పి ఆయన్నే పదవి దింపి ఓడెక్కించారు. 1871 నవంబర్ 27న ఒక పత్రికా సంపాదకుడి సమాధిని అపవిత్రం చేశారన్న అభియోగం మీద ఎనిమిదిమంది వైద్య విద్యార్థుల్ని కాల్చి చంపించిందీ వీళ్ల ఒత్తిడే. క్రమబద్ధ సైన్యం తూర్పున అడవుల్లో యుద్ధం చేస్తుంటే పట్టణాలు కాపలా కాసేది వాలంటీర్లు. ఈ వర్గానికి పెద్దదిక్కుల్లో ఒకడు హులియాన్ దె సులువేతా, దీవిలోకెల్లా పెద్ద బానిస యజమానుల్లో ఒకడు, అంతకుముందు దొంగచాటు బానిస రవాణాలో సంపాదించినవాడు. యుద్ధం ఖర్చు కూడా క్యూబా నుంచే రావాలి, అంటే చక్కెర మీద, కస్టమ్స్ మీద, హవానా బ్యాంకు అప్పుల మీద. ఎవరి డబ్బుతో యుద్ధం చేస్తున్నావో వాళ్ల తోటలోకే తనిఖీ అధికారిని పంపడం ఏ గవర్నర్‌కైనా టెన్షనే.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు పోరాటం ఇక్కడే జరిగింది. చట్టం ప్రకారం ప్రతి హక్కుకీ ఒక రుజువు కావాలి. వయసుకి బాప్తిజం రిజిస్టరు లేదా బానిసల జాబితా, పుట్టుకకి చర్చి పుస్తకం, యుద్ధసేవకి సైనికాధికారి ధ్రువపత్రం. ఆఫ్రికాలో పుట్టి దొంగ ఓడలో వచ్చిన మనిషికి బాప్తిజం కాగితంలో ఉండేది పూజారి కళ్లతో చూసి వేసిన ఉజ్జాయింపు వయసు. యజమాని ఇచ్చిన జాబితాలో 60 దాటినవాళ్లు 50ల్లోకి జారిపోవడం మామూలైపోయింది. బిడ్డ పుట్టిన తేదీ కొంచెం వెనక్కి జరిగితే స్వేచ్ఛాపరుడు కావాల్సినవాడు బానిసవుతాడు.

ఈ వయసు ఆట యజమానులకే ఎదురుతిరిగిన ఉదాహరణ ఒకటి బ్రెజిల్‌లో ఉంది. అది యుద్ధకాలపు కథ కాకపోయినా చెప్పకుండా ఉండలేను. అక్కడ 1831 తర్వాత తెచ్చిన ఆఫ్రికన్లందరూ చట్టప్రకారం స్వేచ్ఛాపరులే. అందుకని 1872 రిజిస్ట్రేషన్‌లో చాలామంది యజమానులు, వీళ్లు 1831కి ముందే వచ్చినవాళ్లు అని చూపించడానికి వయసులు ఎక్కువ వేసి రాయించారు. పదమూడేళ్ల తర్వాత, 1885లో, 60 దాటినవాళ్లకి విడుదల అని ఇంకో చట్టం వచ్చింది. తాము రాయించిన వయసే ఉరితాడై కూర్చుంది. ఆ కాగితం అబద్ధం అని చెప్పుకోవాలంటే, అక్రమంగా తెచ్చామని ఒప్పుకోవాలి.

క్యూబాలో ఫిర్యాదు వినాల్సింది ఎవరు? ప్రతి పట్టణంలో సిందికో అనే అధికారి ఉండేవాడు, పేరుకి బానిసల తరఫు మనిషి. మోరెత్ చట్టం తర్వాత విడుదలైనవాళ్ల రక్షణకంటూ కమిటీలు పెట్టారు, వాటిని హుంతాలు అంటారు. సిందికోలు చాలామంది స్వయానా బానిసలున్న ఆసాములు, కమిటీల్లోనూ యజమానులకి కుర్చీలు ఉన్నాయి. దొర మీద ఫిర్యాదు దొర బావమరిదికి చేసుకోవడం అన్నమాట. పైగా చెరకు తోట నుంచి పట్టణం చేరాలంటే అనుమతి చీటీ కావాలి, యుద్ధ సమయంలో చీటీ లేకుండా దారిలో కనబడిన నల్లవాడు తిరుగుబాటుదారు కింద లెక్క.

అయినా వెళ్లినవాళ్లు వెళ్లారు. ఎందుకంటే సిందికో ఆఫీసు దారి వాళ్లకి కొత్త కాదు. క్యూబాలో ఎప్పటినుంచో ఒక ఆచారం ఉంది, బానిస తన ధరలో కొంత కడితే ఆ ధర అక్కడికి ఆగిపోతుంది, మిగతాది వాయిదాల్లో కట్టి బయటపడొచ్చు. 1842 నిబంధనలు దీన్ని గుర్తించాయి. పట్టణాల్లో ఉండే ఆడవాళ్లు, చేతిపని వచ్చినవాళ్లు దీన్ని బాగా వాడుకున్నారు. కాబట్టి కొత్త చట్టం రాగానే ఎవరి దగ్గరికెళ్లి ఏమడగాలో తెలిసినవాళ్లు కొందరున్నారు. తోటల్లో నాలుగ్గోడల మధ్య బారకాసుల్లో ఉన్నవాళ్లకి మాత్రం ఆ కబురు చేరడమే కష్టం.

యుద్ధసేవ నిబంధన సంగతి ఇంకా చిత్రం. సైన్యం బానిసల్ని మోతగాళ్లుగా, కందకాలు తవ్వడానికి, దారి చూపడానికి వాడుకుంది. "ఏ రకంగానైనా సాయపడినవాళ్లు" అని చట్టంలో స్పష్టంగా ఉంది. విశ్వాసపాత్రుడైన యజమానికి పరిహారం ఇవ్వాలి, తిరుగుబాటు యజమానికి అక్కర్లేదు. ఖజానా ఖాళీ. ఇంతమంది సాయపడ్డారని రాసిచ్చిన కొద్దీ ప్రభుత్వానికి అప్పు పెరుగుతుంది, కాబట్టి ధ్రువపత్రం ఇవ్వడానికి చేయి రాదు.

కొరడా నిషేధం మీద యజమానులు గగ్గోలు పెట్టారు, దెబ్బలు లేకపోతే క్రమశిక్షణ ఎలా అని. కొరడా స్థానంలో బొండకొయ్య, సంకెళ్లు మరింత వాడుకలోకి వచ్చాయి.

ఇన్ని అడ్డంకులున్నా అంకెలు మాత్రం వేరే కథ చెబుతాయి. 1867లో 3,63,000గా ఉన్న బానిసల సంఖ్య 1871కి 2,87,000కి, 1877కి సుమారు 1,99,000కి పడిపోయింది. మోరెత్ చట్టం గొప్పతనమని మాడ్రిడ్ చెప్పుకుంది. నేనైతే అంత మార్కులు వేయను. బానిస ఓడలు 1860ల చివరికల్లా ఆగిపోయాయి, చనిపోయినవాళ్ల స్థానంలోకి కొత్తవాళ్లు రావడం లేదు, పుట్టినవాళ్లు చట్టం లెక్కలో బానిసలు కారు, యుద్ధ ప్రాంతాల నుంచి పారిపోయినవాళ్లు సరేసరి. తగ్గుదల కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. తూర్పు, మధ్య ప్రాంతాల్లో, అంటే యుద్ధం తాకినచోట, బానిసత్వం కూలిపోయింది. మతాన్సాస్ లాంటి పడమటి జిల్లాల్లో పని వయసు బానిసలు దాదాపు కదల్లేదు, చక్కెర ఉత్పత్తి ఏడాదికి ఏడు లక్షల టన్నుల దగ్గర నడుస్తూనే ఉంది. చట్టం రెండుచోట్లా ఒకటే, అమలు చేసే గవర్నర్ ఒకడే. తేడా పక్కనే తప్పించుకుపోవడానికి ఒక అడవి, అందులో ఒక సైన్యం ఉండటంలో ఉంది. కూలీల కొరతకి పడమటి ఆసాములు వేరే ఏర్పాటు చేసుకున్నారు. బ్రిటిష్ వాళ్లు బానిసత్వం రద్దు చేశాక మారిషస్ చెరకు తోటలకి కోరంగి రేవు నుంచి మన తెలుగువాళ్లని ఎక్కించినట్టే, వీళ్లు 1847 నుంచి 1874 వరకు లక్షకి పైగా చైనావాళ్లని కాంట్రాక్టు మీద దింపారు.

"పేరు నమోదు కాకపోతే స్వేచ్ఛ" అన్న నిబంధన దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మొత్తం చట్టంలో నాకు పనికొచ్చేదిగా కనబడేది అదే. మిగతా అన్నిచోట్లా నేను స్వేచ్ఛకి అర్హుణ్ని అని బానిసే రుజువు చేసుకోవాలి. ఇక్కడ మాత్రం ఇతను నా బానిసే అని యజమాని గడువులోగా రుజువు చేయాలి, లేకపోతే మనిషి పోయినట్టే. ఇది మోరెత్ కనిపెట్టింది కాదు. 1780 మార్చి 1న, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగానే, పెన్సిల్వేనియా చేసిన చట్టంలోనూ ఇదే ఉంది, నవంబర్ 1 లోగా నమోదు చేయని బానిస స్వేచ్ఛాపరుడు. అక్కడా యజమానులు ఊరుకోలేదు. వర్జీనియాతో సరిహద్దు తగాదా ఉన్న వెస్ట్‌మోర్లాండ్, వాషింగ్టన్ కౌంటీలవాళ్లు, మేం ఏ రాష్ట్రంలో ఉన్నామో అప్పుడు తెలియలేదండీ అని గడువు 1783 జనవరి దాకా పొడిగించుకున్నారు. గర్భిణుల్ని రాష్ట్రం దాటించి బిడ్డకి స్వేచ్ఛ రాకుండా చేసే దొంగదారిని మూయడానికి 1788లో సవరణ చేయాల్సి వచ్చింది. క్యూబాలోనూ ఈ నిబంధనని నీరుగార్చడానికి గడువులు, వివరణలు, యుద్ధంలో రికార్డులు తగలబడ్డాయన్న సాకులు చాలా వచ్చాయి, కానీ కోర్టుకెళ్లినవాళ్ల చేతిలో గట్టి ఆయుధం మాత్రం ఇదే. మన 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో కూడా, ఇది వెట్టి అప్పు అని కూలీ అన్నాక కాదని రుజువు చేయాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిదే. ఆ ఒక్క వాక్యం లేకపోతే వేలిముద్ర వేసిన కాగితం ముందు కూలీ ఏం మాట్లాడగలడు?

1878 ఫిబ్రవరి 10న సాన్హోన్ ఒప్పందంతో యుద్ధం దాదాపు ముగిసింది. అందులో ఒక షరతు ఏంటంటే తిరుగుబాటు సైన్యంలో ఉన్న బానిసలకీ చైనా కూలీలకీ స్వేచ్ఛ. వింత చూడండి, స్పెయిన్ మీద కత్తి ఎత్తినవాడికి స్వేచ్ఛ, పదేళ్లూ తలవంచుకుని చెరకు నరికినవాడికి బానిసత్వం. అంతోనియో మాసియో అనే నల్లజాతి సేనాని మార్చి 15న బరగువాలో స్పెయిన్ సేనాపతి మార్తినెస్ కాంపోస్‌కి ముఖం మీదే చెప్పాడు, స్వాతంత్ర్యం, బానిసత్వ రద్దు లేని శాంతి మాకొద్దని. యుద్ధాన్ని ఆయన ఎక్కువకాలం నడపలేకపోయాడు, కానీ ఆ వింత తోటల్లో అందరికీ అర్థమైంది. 1879లో తూర్పున బానిసలు పని ఆపేశారు, ఒప్పందంలో విడుదలైనవాళ్లలాగే మాకూ స్వేచ్ఛ కావాలన్నారు. ఆగస్టులో మళ్లీ తిరుగుబాటు రాజుకుంది. బానిసత్వం మీద ఈగ వాలనివ్వని యజమానులే, అక్కడ, నాలుగేళ్లలో విడుదల చేస్తాం, ఈలోగా కూలి ఇస్తాం అని బేరానికి వచ్చారు.

1880 ఫిబ్రవరి 13న బానిసత్వం రద్దయిందని చట్టం చేశారు, పేరు మాత్రమే మారింది. బానిసలు ఇప్పుడు "పోషితులు". నెలకి మహా అయితే మూడు పెసోల భత్యం, ఐదో ఏడాది నుంచి ఏటా నాలుగో వంతు మంది విడుదల, 1888కి అంతా పూర్తి. ఈసారి పోషితులు కమిటీల ముందు క్యూ కట్టారు. భత్యం సమయానికి ఇవ్వలేదు, తిండి పెట్టలేదు, రిజిస్టరులో నా పేరు లేదు, ఇలా ఒక్కొక్కరూ ఒక్కో కేసు. పదేళ్ల మోరెత్ చట్టం వాళ్లకి స్వేచ్ఛ పెద్దగా ఇవ్వలేదు గానీ, కాగితంతో కొట్లాడటం నేర్పినట్టుంది. మిగిలిన ఏళ్లకి డబ్బు కట్టి కొందరు, యజమాని తప్పు నిరూపించి కొందరు, ఇక ఈ గొడవ ఎందుకని యజమానే వదిలేస్తే కొందరు బయటపడ్డారు. 1883కి లక్షమంది, 1885కి 53 వేలు, 1886లో 25 వేలు మిగిలారు. అంత తక్కువమంది కోసం ఈ యంత్రాంగమంతా ఎందుకని 1886 అక్టోబర్ 7న, గడువుకి రెండేళ్ల ముందే, దాన్ని ఎత్తేశారు.

మోరెత్ చట్టం కింద 1870లో పుట్టిన మొదటి బిడ్డకి అప్పటికి పదహారేళ్లు. చట్టం రాసుకున్న లెక్క ప్రకారం ఆ బిడ్డకి సగం కూలి మొదలవ్వాల్సింది 1888లో, పూర్తి హక్కులు రావాల్సింది 1892లో.